పాత టోపీ తుపాకి కర్రపని: ఆకారం దిద్దడం నుంచి నూనె పాలిష్ దాకా

మా అమ్మమ్మ వాళ్ళది ములుగు అవతల అడవి అంచున ఉన్న ఊరు. మక్క చేన్ల మీద అడవిపందులు పడేవి. పంట కాపలాకని మా తాతకు లైసెన్స్ మీద ఒక టోపీ తుపాకి ఉండేది. నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీ మీద సుత్తి పడితే పేలే పాతరకం తుపాకి అది. లైసెన్స్ పుస్తకంలో దాన్ని ఎస్.బి.ఎం.ఎల్. అని రాశారు. ఒంటి గొట్టం, మూతి నుంచి మందు దట్టించేది అని అర్థం. తాత పోయాక లైసెన్స్ మా మామ పేరు మీదికి మారింది. ఒక దసరాకు ఆయుధ పూజలో పెట్టినప్పుడు దాన్ని మొదటిసారి దగ్గరగా చూశాను. కర్ర మీద ఎవరో ఆకుపచ్చ ఎనామిల్ కొట్టి ఉన్నారు. చేత్తో పట్టుకునే నడుం దగ్గర సన్నని పగులు ఉంది. బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, రెండు పక్కలా దిమ్మెలా బల్లపరుపుగా ఉంది. ఎవరో చేతితో చెక్కి, చివరి మెరుగు పెట్టకుండానే అమ్మేసినట్టు అనిపించింది.

నేను హనుమకొండలో ఫర్నిచర్ పని చేస్తాను. వడ్రంగం మా ఇంటి పని. ఆ కర్రను బాగుచేయడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. వరుసలో ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్నది చేస్తూ నేర్చుకున్నాను. ఇలాంటి పాత తుపాకి లైసెన్స్ మీద ఇంట్లో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. రైఫిల్ అంటే గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉన్నది. మన దగ్గర పంట కాపలాకు ఉండేవి ఎక్కువగా నున్న గొట్టాలే. కర్రపని రెండింటికీ ఒకటే. ఇక్కడ రాసేదంతా కర్ర గురించే. గొట్టం, లోపలి యంత్రం జోలికి నేను పోలేదు, మీరూ పోకండి.

కాగితాలు, ఖాళీ పరీక్ష

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకి రిపేరు కూడా దానికి లైసెన్స్ ఉన్నవాళ్ళే చేయాలి. 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం నేరం. 8వ సెక్షన్ ప్రకారం తుపాకి మీద కొట్టిన నంబరు, గుర్తు చెరపడం నేరం. పాలిష్ పేరుతో నంబరును అరగదీసినా అది చెరపడమే. ఇంట్లో లైసెన్స్ లేని నాటు తుపాకి ఉంటే దానికి పాలిష్ ఆలోచనే వద్దు. వకీలుతో మాట్లాడి, పోలీస్ స్టేషన్‌లో అప్పగించే దారి చూసుకోండి. ఎట్లా బాగుచేసినా పేలని, పూర్తిగా పాడైన పురాతన ఆయుధాలను 45వ సెక్షన్ వేరుగా చూస్తుంది. మీది అలాంటిదో కాదో మీరు తేల్చుకోకండి, అధికారితో తేల్చించుకోండి.

మేం ఏం చేశామంటే, మామ తన లైసెన్స్ పుస్తకంతో తుపాకిని రిపేరు లైసెన్స్ ఉన్న ఒక ఆయుధాల డీలర్ దగ్గరికి తెచ్చాడు. పుస్తకంలో, రిజిస్టర్లో రాయించాడు. అక్కడ పనిచేసే ఉస్తాద్ గొట్టం, లాక్ (సుత్తిని నడిపే యంత్రం) విప్పి లోపల బీరువాలో పెట్టారు. నేను వీలున్నప్పుడల్లా ఆ షాపుకే పోయి ఆయన బల్ల మీదే కర్రపని చేశాను. కర్రను ఇంటికి తెచ్చుకోలేదు. కొంచెం తిరగాల్సి వచ్చింది కానీ ఒక్క రోజు కూడా టెన్షన్ పడలేదు.

విప్పేముందు ఉస్తాద్ చేసిన మొదటి పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. తుపాకి మూతిని మనుషులు లేని గోడ వైపు పెట్టారు. సన్నని చెక్క పుల్ల ఒకటి గొట్టంలోకి మెల్లగా దించారు. పుల్ల అడుగుకు తగిలాక, మూతి దగ్గర దాని మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. పుల్ల బయటికి తీసి, గీత మూతి దగ్గర ఉండేలా గొట్టం పక్కన బయట ఆనించారు. పుల్ల కొస టోపీ పెట్టే ముక్కు దాకా రావాలి. వస్తే గొట్టం ఖాళీ. నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్టే. తుపాకి మందు పొడిగా ఉంటే దశాబ్దాలైనా పేలే గుణం పోదు. తాతల కాలంలో దట్టించి మరిచిపోయిన తుపాకులు ఇళ్ళల్లో ఉంటాయి. పుల్ల పొట్టిగా ఆగితే ఇంట్లో ఎవరూ దాన్ని గుచ్చొద్దు, వేడి చేయొద్దు, నీళ్ళు పోసి చూడొద్దు. అక్కడే పెట్టి, లైసెన్స్ ఉన్న డీలర్‌కో పోలీసులకో చెప్పండి. మా తుపాకి ఖాళీగానే ఉంది. అది తేలేదాకా ఉస్తాద్ నన్ను కర్ర మీద చెయ్యి వేయనివ్వలేదు.

ముట్టుకోవాలా, వద్దా

నూరేళ్ళు దాటిన వస్తువును 1972 పురావస్తువుల చట్టం పురావస్తువుగా లెక్కిస్తుంది. అలాంటి తుపాకి మీద పాత నూనె, చేతి చెమట, పొగ కలిసి ఏర్పడిన నల్లటి నిగారింపే దాని విలువ. గీకితే తిరిగి రాదు. గొట్టం మీద వెండి, బంగారు తీగపని ఉన్నా, కర్రలో దంతం, కొమ్ము పొదిగి ఉన్నా, పేరో సంవత్సరమో చెక్కి ఉన్నా పని ఆపి తెలిసినవాళ్ళకు చూపించండి. ఉత్తర తెలంగాణ ఇనుము పనికి పేరున్న నేల. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా పోయింది. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసిన చరిత్ర ఉంది. మీ ఇంటి తుపాకి ఎవరి చేతి పనో తెలియకుండా దాని పైపొర తీసేయడం మంచిది కాదు.

మాది అంత పాతది కాదు. పైన ఉన్నది ఎనామిల్, కింద పగులు. అందుకే చేద్దామనుకున్నాం. అయినా ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాను. కర్ర కొలతలు పది చోట్ల రాసిపెట్టుకున్నాను. దిద్దేటప్పుడు ఎంత తీశానో తెలియడానికి ఆ పది కొలతలే ఆధారం అయ్యాయి.

విప్పడం

ఇది ఉస్తాద్ పని, నేను పక్కన ఉండి చూశాను. పాత స్క్రూల గాడిలో మురికి గట్టిపడి ఉంటుంది. దాన్ని సూదితో తీసి, గాడికి సరిగ్గా పట్టే వెడల్పున్న స్క్రూ డ్రైవరే వాడాలి. వదులుగా పట్టే డ్రైవర్ జారితే కర్ర మీద గీత పడుతుంది. చేతితో చేసిన తుపాకిలో ఏ రెండు స్క్రూలూ ఒకేలా ఉండవు. ఒక అట్టముక్క మీద తుపాకి బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టారు. గొట్టాన్ని కర్రలోంచి నేరుగా పైకి లేపాలి. ఒక కొస పట్టుకొని ఎత్తితే ముందుభాగంలో పలచటి కర్ర చీలిపోతుంది.

కర్రను ఉస్తాద్ కుందా అంటారు. సుత్తిలా పడే భాగం ఆయన మాటలో ఘోడా. నేను బట్టు, నడుం, ముందుకర్ర అని రాస్తాను, అందరికీ తెలుస్తుంది.

పాత రంగు తీయడం

ముందు పైపూత ఏమిటో తెలుసుకోవాలి. కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దండి. జిగటగా కరిగితే అది చప్రా, అంటే లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలకపోతే నూనె పూతో, ఎనామిలో, వార్నిషో అయి ఉంటుంది. ఎనామిల్‌కు పెయింట్ రిమూవర్ కావాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకి దుమ్ము లేపొద్దు. రిమూవర్ పూసి, ఉబ్బిన రంగును మొద్దు అంచున్న చెక్క బద్దతో తీయండి. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. గ్రైండర్, సాండర్ లాంటి మెషిన్లు ఈ పనిలో ఎక్కడా వద్దు.

రంగు పోయాక కర్ర ఏమిటో తెలిసింది. జిట్రేగి. ఊదా కలిసిన ముదురు గోధుమ రంగు, మధ్యలో నల్లటి చారలు. బట్టు కింది అంచున మాత్రం రెండు వేళ్ళ వెడల్పున తెల్లటి పట్టీ కనిపించింది. అది చెట్టు పైపొర కలప, చేవ లేని భాగం. చేసినాయనకు దొరికిన దుంగ అంతే ఉంది కాబోలు, ఆ తెలుపు కప్పడానికే ఎవరో ఆకుపచ్చ కొట్టి ఉంటారనుకున్నాను. అది చూశాక ఆ రంగు కొట్టినవాళ్ళ మీద కోపం పోయింది.

లాక్ కూర్చునే గుంత చుట్టూ కర్ర నూనె తాగి నల్లగా, మెత్తగా ఉంటుంది. అక్కడ జిగురు పట్టదు, పాలిష్ ఆరదు. సుద్ద పొడిని స్పిరిట్‌లో ముద్దలా కలిపి అక్కడ మందంగా పట్టించి, ఆరాక దులపండి. సుద్ద పసుపు పచ్చగా మారుతుంది, అదంతా లాగిన నూనె. సుద్ద తెల్లగా రాలేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టాలి. నాకు ఐదుసార్లు పట్టింది. స్పిరిట్ వాడినప్పుడు దగ్గర్లో బీడీ, స్టవ్వు ఉండకూడదు.

పగులు, సొట్టలు

నడుం దగ్గరి పగులు తుపాకి కర్రకు ప్రాణాంతకం. అక్కడే కర్ర సన్నం, అక్కడే స్క్రూల కోసం తొలిచిన రంధ్రాలు ఎక్కువ. పగులును చేత్తో కొద్దిగా విప్పి, లోపలి మురికిని స్పిరిట్‌తో కడిగి, ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురును హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెడితే పలచబడి లోపలిదాకా దిగుతుంది. సైకిల్ ట్యూబును పట్టీలా కోసి గట్టిగా చుట్టి బిగించండి. గుండ్రటి నడుముకు ఇనుప క్లాంపుల కన్నా ఇది సమంగా పడుతుంది. 24 గంటలు ముట్టుకోవద్దు. అతికించాక కూడా నడుం కదులుతుంటే దాన్ని గోడకు అలంకారంగా ఉంచాలో, కొత్త కర్ర చేయించాలో ఉస్తాద్ చెప్పాలి. ఆ నిర్ణయం మనది కాదు.

సొట్టలు గీకి తీసేవి కావు. కర్ర పీచు నలిగి లోపలికి పోయింది, తెగలేదు. తడిగుడ్డ మడిచి సొట్ట మీద పెట్టి, ఇస్త్రీ పెట్టె కొసతో రెండు మూడు సెకన్లు ఆనించండి. ఆవిరికి పీచు ఉబ్బి పైకి వస్తుంది. లోతైన సొట్టకు ఐదారుసార్లు చేయాలి. పీచు తెగిన చోట రాదు, దాన్ని అలాగే వదిలేయండి. మా బట్టు మీద గొడ్డలి దెబ్బలాంటి గాటు ఒకటి ఉంది. మామ దాన్ని తీయొద్దన్నాడు. అది ఎట్లా పడిందో ఆయనకు తెలుసు.

ఆకారం దిద్దడం

పనిలో గుండెకాయ ఇదే. పాలిష్ ఎంత బాగా వచ్చినా ఆకారం తప్పితే కర్ర దిమ్మెలాగే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడ సాండ్ పేపర్ పట్టుకుంటారు. ఆకారం ఆకురాయితో వస్తుంది, నునుపు కాగితంతో వస్తుంది. కాగితంతో ఆకారం చేయబోతే మెత్తటి చోట గుంట పడుతుంది, గట్టి చార ఎత్తుగా మిగులుతుంది, అంచులన్నీ సబ్బుబిళ్ళలా అరిగిపోతాయి. చాలా ఏళ్ళ కింద ఒక పాత ఎయిర్ గన్ కర్రకు నేను అట్లాగే కాగితం పట్టి, ఇనుప పట్టీ చుట్టూ కర్రను దాని కన్నా లోతుకు దించేశాను. అక్కడ ఏర్పడిన సందు ఇక పూడలేదు.

పనిముట్లు: రాస్పు, అంటే పళ్ళ ఆకురాయి, ముతకది ఒకటి, సన్నది ఒకటి. గుండ్రటి ఆకురాయి. పదునైన ఉలి, చిన్న కొడతి. చిత్రిక పట్టడానికి స్పోక్ షేవ్ ఉంటే మంచిది. దారం, పెన్సిల్, అట్ట.

మొదట దారం లాగి కర్ర పైన ఒకటి, కింద ఒకటి మధ్యగీతలు పెట్టండి. గొట్టం కూర్చునే గాడి మధ్య నుంచి బట్టు కొస మధ్యకు పోవాలి. పని అయిపోయేదాకా ఈ రెండు గీతలు చెరగకూడదు, చెరిగితే మళ్ళీ గీయండి. రెండు పక్కలా సమంగా వచ్చిందో లేదో చెప్పేది అవే. తర్వాత మెరుగ్గా ఉన్న పక్కను నాలుగైదు చోట్ల అట్టతో ఆకారం కత్తిరించుకొని, అదే అట్ట తిప్పి రెండో పక్కన పెట్టి చూడండి. మాది ఎడమ పక్క ఎనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ లావుంది.

ఎంత తీయొచ్చో ఇప్పుడే తేల్చుకోండి. నేను పెట్టుకున్న హద్దు ఇది: లాక్ గుంత చుట్టూ గోడ ఐదు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మందు దట్టించే కడ్డీ పెట్టే గాడి పక్కన మూడుకు తగ్గకూడదు, నడుం దగ్గర పగులు అతికించిన చోట అసలే తీయకూడదు. ఆ హద్దులు కర్ర మీదే ఎర్ర పెన్సిల్‌తో గీశాను. ఎర్ర గీత కనపడితే చెయ్యి ఆగాలి.

గుండ్రటి భాగాన్ని గుండ్రంగా చేయాలని నేరుగా పోవద్దు. నాలుగు పలకల దిమ్మెను ముందు ఎనిమిది పలకలు చేయండి. ప్రతి మూలనూ సమంగా కోస్తే ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిది పలకలు బట్టు నుంచి ముందుకర్ర దాకా తిన్నగా, వంకర లేకుండా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత మూలలు మళ్ళీ తీసి పదహారు పలకలు. ఆ తర్వాతే గుండ్రం. మంచం కోళ్ళు చేతితో చెక్కే పాతవాళ్ళు ఇదే పద్ధతిలో చేసేవాళ్ళు. పలక మీద తప్పు కంటికి వెంటనే దొరుకుతుంది, గుండ్రం మీద దొరకదు.

ఆకురాయి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి నడవాలి. బట్టు పైఅంచు నుంచి నడుం వైపు కిందికి, ముందుకర్ర నుంచి కూడా నడుం వైపు కిందికి. రెండు దారులూ నడుం దగ్గర కలుస్తాయి. ఎదురు నడిపితే పొర లేచి చీలుతుంది. జిట్రేగిలో పొర ఒకచోట ఇటు, ఒకచోట అటు తిరుగుతుంది. చీలే చోట ఆకురాయిని కాస్త ఏటవాలుగా పట్టి, ఒత్తకుండా లాగండి.

ఇనుము కర్రను తాకే ప్రతి అంచున కర్ర వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. లాక్ అసలుది పెట్టి పనిచేస్తే దానికి గీతలు పడతాయి. అందుకే దాని అంచు గీసుకొని అదే ఆకారంలో ప్లైవుడ్ ముక్క కోసి గుంతలో బిగించాను. బట్టు కొసన ఉండే ఇత్తడి బట్ ప్లేటును స్థానంలోనే ఉంచి, మీద టేపు మూడు పొరలు వేసి, కర్రను దాని అంచుకు దించాను. టేపు మొదటి పొర చిరగగానే ఆపేశాను.

లాక్ చుట్టూ ఉండే బల్లపరుపు భాగం అందం అంచుల్లో ఉంది. అది నడుములో కలిసిపోయే చోట స్పష్టమైన గీత ఉండాలి. అమెరికాలో పెన్సిల్వేనియా పనివాళ్ళు మేపుల్ కర్రతో చేసిన పొడవాటి రైఫిళ్ళ ఫోటోలు చూడండి. కర్ర ఎంత సన్నగా ఉంటుందో, అంచులు అంత పదునుగా ఉంటాయి. మన నాటు పనిలో కర్ర మందంగా వదులుతారు. కలప గట్టిదైనా పగులుతుందన్న భయం దానికి కారణం. ఆ భయానికి విలువ ఇచ్చి, నేను బట్టు పక్కల్లో మాత్రమే ఎక్కువ తీశాను, ముందుకర్రలో నామమాత్రంగా తీశాను. కర్ర మొత్తం మీద బరువు 300 గ్రాములు తగ్గింది. భుజానికి ఆనిస్తే మామ చెంప దానంతటదే సరైన చోట వాలింది.

చివరి పరీక్ష వెలుతురుతో. షాపులో లైట్లు ఆర్పి టార్చిని కర్రకు దాదాపు ఆనించి, పొడవునా వెలుతురు పారించండి. నీడల్లో ప్రతి గుంటా, ప్రతి ఎత్తూ తెలుస్తుంది. ఈ చూపు నాకు వేయి స్తంభాల గుడిలో వచ్చింది. 1163లో కట్టిన ఆ గుడి నల్లరాతి స్తంభాల మీద సాయంత్రం వెలుతురు పడితే అంచు పొడవునా ఎక్కడా విరగకుండా జారిపోతుంది. హనుమకొండలో ఉన్నవాళ్ళు పని మొదలుపెట్టేముందు ఒకసారి పోయి, ఒక్క స్తంభం దగ్గర పది నిమిషాలు నిలబడండి. తర్వాత కళ్ళు మూసుకొని కర్రను రెండు చేతులతో నిమరండి. కన్ను వదిలిన తప్పు అరచేయి పట్టుకుంటుంది.

నునుపు

120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 220, 320. కాగితం కింద ఎప్పుడూ గట్టి చెక్కో, రబ్బరు ముక్కో ఉండాలి, వేలితో పట్టి రుద్దొద్దు. కర్ర పీచు నడిచిన వైపే రుద్దాలి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకు పోవద్దు. 220 తర్వాత తడిగుడ్డతో కర్రను తుడవండి. ఆరాక పీచు లేచి గరుకుగా అవుతుంది, దాన్ని వాడిన కాగితంతో తేలిగ్గా కోసేయండి. ఇది మూడుసార్లు. జిట్రేగి దుమ్ముకు చాలామందికి ఒంటి మీద దద్దుర్లు, తుమ్ములు వస్తాయి. నాకు మెడ చుట్టూ దురద వచ్చింది. మాస్కు, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

రంగు

జిట్రేగి చేవకు రంగు అక్కర్లేదు. మా సమస్య ఆ తెల్ల పట్టీ. ఇక్కడ కరక్కాయ పనికొచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్ళు గుడ్డను ముందు కరక్కాయ రసంలో తడిపి, బెల్లంతో పులియబెట్టిన ఇనుప నీళ్ళతో నల్లగీత గీస్తారు. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. కర్ర మీదా అంతే. కరక్కాయ పొడి రెండు చెంచాలు గ్లాసు నీళ్ళలో మరిగించి వడగట్టాను. తుప్పు మేకులు వెనిగర్‌లో వారం నానబెట్టి, ఆ నీళ్ళలో ఒక వంతుకు పది వంతులు మంచినీళ్ళు కలిపాను. తెల్ల పట్టీ మీద సన్నని కుంచెతో కరక్కాయ నీళ్ళు పూసి, ఆరాక ఇనుప నీళ్ళు పూశాను. చూస్తుండగానే బూడిద కలిసిన గోధుమ రంగుకు తిరిగింది. ముందు అదే కర్ర ముక్కల మీద పరీక్షించి చూడకుండా అసలు కర్ర మీద పూయొద్దు, ఎందుకంటే నలుపు ఎక్కాక దించలేం. చక్కటి పోలిక రాలేదు, కానీ చప్రా పూత పడ్డాక పట్టీ దూరం నుంచి చారలా కలిసిపోయింది.

నూనె

తుపాకి కర్రకు అవిసె నూనె పాత పద్ధతి. లోపలికి దిగుతుంది, పెచ్చులు లేవదు, గీత పడితే మళ్ళీ పూసుకోవచ్చు. పెయింట్ షాపులో ఉడికించిన అవిసె నూనె అని అడగండి. వంటకు వాడే పచ్చి నూనె వారాల తరబడి జిగటగా ఉంటుంది.

జిట్రేగితో ఒక చిక్కు ఉంది, దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఆ కలపలోని సహజ నూనెలు అవిసె నూనెను ఆరనివ్వవు. మొదటిసారి నేరుగా పూస్తే పది రోజులైనా చేతికి అంటుకుంది. అంతా స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ముందు కర్రను స్పిరిట్‌తో తుడిచి, పలచటి చప్రా పూత రెండుసార్లు వేసి, 400 కాగితంతో తేలిగ్గా రుద్దితే ఆ చిక్కు తీరుతుంది. టేకుకూ ఇదే మంచిది. మీ కర్ర అక్రోటో, మామిడో అయితే నేరుగా నూనె పెట్టొచ్చు.

మొదటి పూతకు నూనెలో సగం టర్పెంటైన్ కలపండి. తర్వాత నుంచి నూనె ఒక్కటే, అరచేతిలో నాలుగు చుక్కలు. అరచేతితో కర్ర వేడెక్కేదాకా రుద్దండి, వేడికి నూనె పలచబడి దిగుతుంది. పావుగంట ఆగి, పొడిగుడ్డతో పైన ఉన్నదంతా తుడిచేయండి. తుడవకుండా వదిలిన నూనె జిగురు పొరలా గట్టిపడుతుంది. ఒక రోజు ఆరాక మళ్ళీ. నేను తొమ్మిది పూతలు వేశాను. ఐదోదాని తర్వాత చార లోతు కనపడడం మొదలైంది. నీళ్ళ అడుగున ఏదో కదిలినట్టు ఉంటుంది ఆ లోతు. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, పూత ఆరదు. మన దగ్గర కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం.

నూనె గుడ్డలు ప్రమాదం. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. ముద్దగా పడేసిన నూనె గుడ్డ నిప్పు లేకుండానే అంటుకుంటుంది. వరంగల్ ఎండల్లో రేకుల షెడ్డులో అయితే చెప్పనక్కర్లేదు. గుడ్డలను విడదీసి బయట తీగ మీద ఆరేయండి, లేదంటే నీళ్ళ బకెట్లో వేయండి. ఈ ఒక్కటీ మరిచిపోతే షాపు పోతుంది.

మైనం, ఇత్తడి

నూనె పూర్తిగా ఆరడానికి మూడు వారాలు ఇచ్చాక తేనెమైనం. ఒక వంతు మైనాన్ని నీళ్ళ గిన్నెలో పెట్టిన చిన్న గిన్నెలో కరిగించి, స్టవ్ ఆర్పి దూరంగా తెచ్చాకే మూడు వంతుల టర్పెంటైన్ కలపాలి. చల్లారాక పేస్టు అవుతుంది. పలచగా పూసి, అరగంటకు కాటన్ గుడ్డతో మెరుగు పెట్టండి.

ఇత్తడి బట్ ప్లేటును విప్పి చింతపండుతో తోమి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాక బిగించాలి. కర్రకు బిగించి ఉండగా తోమితే పులుపు అంచుల్లోకి దిగి కర్ర నల్లబడుతుంది. గొట్టం మీది నల్లటి పాత రంగును ఉస్తాద్ అలాగే ఉంచారు. మెత్తటి గుడ్డతో పలచగా మెషిన్ ఆయిల్ తుడిచారు, అంతే. నంబరు దగ్గర బ్రష్ కూడా పెట్టనివ్వలేదు.

మళ్ళీ బిగించాక

ఉస్తాద్ బిగించేటప్పుడు లాక్ గుంతలోకి లాక్ కాస్త బిగుతుగా దిగింది. లోపల పడ్డ చప్రా పూత వల్ల అలా అయింది. గుంతల లోపలికి ఒక్క పలచటి పూత చాలు. తేమ ఆపడానికి అది అవసరం, రెండోది అడ్డం.

డీలర్ రిజిస్టర్లో సంతకం పెట్టి, మామ తుపాకిని తీసుకెళ్ళాడు. ఇంట్లో దాన్ని గుడ్డ సంచిలో చుట్టి తాళం ఉన్న బీరువాలో నిలబెట్టాడు. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ నిలిచి కర్ర బూజు పడుతుంది, గొట్టం తుప్పు పడుతుంది. మొదటి ఏడాది నెలకోసారి రెండు చుక్కల నూనె అరచేత్తో రుద్దమని చెప్పాను. మొదటి వానాకాలం దాటాక కర్ర ఉబ్బి తగ్గుతుంది, స్క్రూలు ఒకసారి ఉస్తాద్‌కు చూపించాలి. మా దాంట్లో ఒకటే వదులైంది, బట్ ప్లేటు కింది స్క్రూ. అది పావు చుట్టు తిరిగి బిగిసింది.